మొదటి ఉద్యోగం ఏటీఆర్‌లోనా, ఎయిర్‌బస్‌లోనా? పొగమంచు రోజున తేలే లెక్కలు

సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్సు) చేతికొచ్చాకే అసలు తికమక మొదలవుతుంది. 200 గంటల లాగ్‌బుక్ పట్టుకుని ఎటు వెళ్లాలి? చిన్న ఊళ్లకు తిరిగే ఏటీఆర్‌లో (ప్రొపెల్లర్లున్న టర్బోప్రాప్ విమానం) చేరాలా? అప్పు చేసైనా ఎయిర్‌బస్ ఏ320 టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత) పూర్తిచేసి జెట్ సీటు కోసం కాచుకోవాలా? లేక ఫ్లయింగ్ స్కూల్లోనే ఇన్‌స్ట్రక్టర్‌గా ఉండి గంటలు పెంచుకోవాలా? ఎవరిని అడిగినా తాము నడిచిన దారే మంచిదంటారు. జెట్‌లో ఉన్నవాళ్లు ఏటీఆర్‌ను చిన్నచూపు చూస్తారు. ఏటీఆర్ కెప్టెన్లు జెట్ కోపైలట్లను చూసి నవ్వుకుంటారు.

మామూలుగా ఈ పోలిక జీతం, హోదా దగ్గరే ఆగిపోతుంది. ఇక్కడ ఇంకో ప్రశ్న కూడా వేద్దాం. బయట ఏమీ కనపడని రోజున ఆ సీటులో కూర్చున్న మీరు నిజంగా చేసే పని ఏమిటి? పెద్ద జెట్‌లో చేరితే పొగమంచులో దిగడం వచ్చేస్తుందనీ, చిన్న విమానంలో చేరితే ఆ విద్య అందదనీ చాలామంది అనుకుంటారు. అసలు సంగతి అంత సూటిగా ఉండదు.

ముందే ఒక జాగ్రత్త. మనవాళ్లు చాలామంది అమెరికాలో శిక్షణ తీసుకుని వస్తారు. అక్కడ విన్న సలహా ఇక్కడ అతకదు. 2009 ఫిబ్రవరి 12న బఫలో దగ్గర కోల్గన్ ఎయిర్ 3407 కూలి 50 మంది చనిపోయారు. ఆ తర్వాత, 2013 నుంచి, అక్కడ ఎయిర్‌లైన్ కోపైలట్‌కు కూడా ఏటీపీ (ఎయిర్‌లైన్ పైలట్) సర్టిఫికెట్ తప్పనిసరి అయింది. అంటే మామూలుగా 1500 గంటలు. గుర్తింపు పొందిన విమానయాన డిగ్రీ ఉంటే 1000, సైన్యం నుంచి వస్తే 750. (విచిత్రం ఏమిటంటే, కూలిన ఆ విమానం నడిపిన ఇద్దరికీ 1500 పైనే గంటలున్నాయి.) అందుకే అక్కడ ఇన్‌స్ట్రక్టర్, రీజినల్ (చిన్న ఎయిర్‌లైన్), మేజర్ (పెద్ద ఎయిర్‌లైన్) అనే మెట్లు దాదాపు అందరూ ఎక్కాల్సిందే. మన దగ్గర 200 గంటల సీపీఎల్‌కు టైప్ రేటింగ్ తోడైతే నేరుగా ఏ320 కుడి సీటులో, అంటే కోపైలట్‌గా కూర్చోవచ్చు. మెట్లు తప్పనిసరి కావు కాబట్టే ఎంచుకునే బాధ మన నెత్తిన పడింది.

## ఏం చూసి తేల్చుకోవాలి

అందరూ మొదట జీతం చూస్తారు. నన్నడిగితే అది నాలుగో స్థానంలో ఉండాలి.

మొదట చూడాల్సింది సెక్టార్లు, అంటే ఒక టేకాఫ్, ఒక ల్యాండింగ్. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నియమాల ప్రకారం ఏడాదిలో 1000 గంటలకు మించి ఎగరకూడదు. ఆ వెయ్యి గంటలూ మూడేసి గంటల సెక్టార్లతో నిండితే 330 ల్యాండింగులు. గంట గంట సెక్టార్లతో నిండితే 1000 ల్యాండింగులు. వాటిలో సగం కెప్టెన్ చేస్తారనుకున్నా తేడా తేడాయే. కొత్త పైలట్‌కు మొదటి రెండేళ్లలో చెయ్యి కుదిరేది ల్యాండింగుల లెక్కలోనే గానీ గంటల లెక్కలో కాదు.

రెండోది కమాండ్, అంటే కెప్టెన్ కావడం. దానికి కావలసిన లైసెన్సు ఏటీపీఎల్. ఏటీపీఎల్‌కు 21 ఏళ్లు నిండాలి, 1500 గంటలు ఉండాలి, అందులో పీఐసీ (విమానం బాధ్యత తామే మోస్తూ ఎగిరినవి), రాత్రి, ఇన్‌స్ట్రుమెంట్ గంటల వాటాలు విడివిడిగా పూర్తవ్వాలి. ఇది లైసెన్సు అర్హత మాత్రమే. ఎడమ సీటు, అంటే కెప్టెన్ సీటు ఇవ్వడానికి సంస్థలు పెట్టుకునే సొంత పరిమితి మామూలుగా దీనికంటే బాగా ఎక్కువ. పైగా సీనియారిటీ లిస్టులో మీ ముందు ఎంతమంది ఉన్నారన్నది మీ చేతిలో ఉండదు.

మూడోది, సంస్థ మారినప్పుడు మీతోపాటు వచ్చేది ఏమిటి, అక్కడే ఉండిపోయేది ఏమిటి అన్నది. దీన్ని చాలామంది పట్టించుకోరు. నా దృష్టిలో అన్నిటికంటే బరువైనది ఇదే.

తర్వాత డబ్బు, కట్టుబాట్లు. టైప్ రేటింగ్ ఖర్చు ఎవరిది, బాండ్ (ఇన్నేళ్లు పనిచేస్తామన్న ఒప్పందం) ఎన్నేళ్లు, మధ్యలో వెళ్లిపోతే ఎంత కట్టాలి. 2017 నాటి డీజీసీఏ నిబంధన ప్రకారం రాజీనామా చేస్తే కోపైలట్ ఆరు నెలలు, కెప్టెన్ ఏడాది నోటీసు ఇవ్వాలి. ఇవాళ మంచి ఆఫర్ వస్తే రేపు వెళ్లిపోగల ఉద్యోగం కాదిది.

చివరిది సంస్థ ఆయుష్షు. కింగ్‌ఫిషర్ 2012లో ఆగిపోయింది. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో ఆగింది. హైదరాబాద్ కేంద్రంగా ఏటీఆర్‌లు తిప్పిన ట్రూజెట్ 2022లో, గో ఫస్ట్ 2023 మేలో ఆగాయి. ఈ జాబితాలో పెద్ద జెట్ల సంస్థలూ ఉన్నాయి, చిన్నదీ ఉంది. విమానం పెద్దదైతే ఉద్యోగం గట్టిదన్న నమ్మకానికి ఆధారం లేదు.

## పొగమంచులో ఎవరు దింపుతారు

ఎంపికల్లోకి వెళ్లేముందు ఈ భాగం కాస్త ఓపిగ్గా చదవండి. పొగమంచులో పైలట్ చూసుకునే కొలత ఆర్‌వీఆర్. రన్‌వే మధ్యగీత మీద నుంచి గుర్తులనో లైట్లనో ఎంత దూరం వరకు చూడగలమో చెప్పే అంకె అది. పెద్ద విమానాశ్రయాల్లో దిగే చోట, మధ్యలో, చివర్లో విడివిడిగా కొలుస్తారు. దానికి జంటగా వచ్చేది డెసిషన్ హైట్. ఆ ఎత్తుకు వచ్చేసరికి కావలసిన లైట్లు కనిపిస్తే దిగాలి, లేదా వెంటనే గో అరౌండ్, అంటే దిగడం మానేసి మళ్లీ పైకి. మూడో దారి లేదు. ఈ రెండు కొలతలను బట్టే అప్రోచ్‌కు (రన్‌వే వైపు దిగి రావడానికి) క్యాట్ 1, 2, 3 అనే కేటగిరీలు.

| రకం | డెసిషన్ హైట్ | కనీస ఆర్‌వీఆర్ | మామూలుగా దింపేది |
|---|---|---|---|
| క్యాట్ 1 | 200 అడుగులు | 550 మీటర్లు | పైలట్, చేత్తో |
| క్యాట్ 2 | 100 అడుగుల వరకు | 300 మీటర్లు | ఆటోపైలట్, కొన్నిట్లో చివర్లో పైలట్ |
| క్యాట్ 3ఏ | 100 కంటే తక్కువ, లేదా ఉండదు | 175 మీటర్లు | ఆటోల్యాండ్ |
| క్యాట్ 3బీ | 50 కంటే తక్కువ, లేదా ఉండదు | 50 మీటర్లు | ఆటోల్యాండ్, రన్‌వే మీద పరుగు కూడా ఆటోపైలట్‌దే |

పాత పుస్తకాల్లో క్యాట్ 2కు 350, క్యాట్ 3ఏకు 200 అని ఉంటే కంగారుపడకండి, తర్వాత సవరించారు. ఇవి అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో గీసిన హద్దులు. విమానం రకాన్ని బట్టి, సంస్థకు ఉన్న అనుమతిని బట్టి అసలు పరిమితి ఇంతకంటే పైనే ఉండొచ్చు.

ఇప్పుడు క్యాట్ 1ను కొంచెం లెక్కేసి చూడండి. మూడు డిగ్రీల వాలులో 200 అడుగుల ఎత్తున ఉన్నప్పుడు విమానం దిగాల్సిన చోటు ఇంకా 1160 మీటర్ల దూరంలో ఉంటుంది. రన్‌వే అంచు 860 మీటర్ల దూరంలో ఉంటుంది. మీకు కనిపించేది 550 మీటర్లు. అంటే నిర్ణయం తీసుకునే క్షణంలో రన్‌వే అసలు కనపడదు. అప్రోచ్ లైట్లు రన్‌వేకు ముందు 900 మీటర్ల పొడవున ఉంటాయి కాబట్టి వాటిలో ఒక ముక్క మాత్రం కనిపిస్తుంది. ఆ ముక్కను చూసి దిగాలా వద్దా అని తేల్చాలి, అక్కడి నుంచి చేత్తో దింపాలి. జెట్ 140 నాట్ల వేగంతో వస్తుంటే 200 అడుగుల నుంచి నేల తాకడానికి సుమారు 16 సెకన్లు. ఏటీఆర్ 110 నాట్లతో వస్తే సుమారు 20 సెకన్లు.

క్యాట్ 3లో బయట ఇంతకంటే భయంకరంగా ఉంటుంది, పైలట్ చేతిలో పని మాత్రం తగ్గుతుంది. ఏ320 క్యాట్ 3 డ్యూయల్‌లో వస్తుంటే రెండు ఆటోపైలట్లు పనిచేస్తుంటాయి. 400 అడుగుల దగ్గర ల్యాండ్ మోడ్, 40 అడుగుల దగ్గర ఫ్లేర్ (ముక్కు కాస్త ఎత్తడం), చక్రాలు తాకగానే రోలౌట్ (రన్‌వే మీద పరుగు). చేత్తో దింపేటప్పుడు 20 అడుగుల దగ్గర వినిపించే రిటార్డ్ (శక్తి తగ్గించు) పిలుపు, ఆటోల్యాండ్‌లో 10 అడుగుల దగ్గర వినిపిస్తుంది. ఇద్దరు పైలట్లూ ఒక్కో మోడ్ సమయానికి వచ్చిందా లేదా అని చూస్తూ, ఏది తప్పినా గో అరౌండ్‌కు చెయ్యి సిద్ధంగా పెట్టుకుని కూర్చుంటారు. 200 అడుగుల కింద ఎర్రటి ఆటోల్యాండ్ హెచ్చరిక వెలిగి, బయట ఏమీ కనపడకపోతే చర్చ ఉండదు, పైకి వెళ్లిపోవాలి.

ఇది తేలిక పని కాదు. సిమ్యులేటర్‌లో ఒక్కో వైఫల్యాన్నీ ఎదుర్కొని, నిర్ణీత గడువులో మళ్లీ మళ్లీ చెక్ ఇచ్చి నిలబెట్టుకోవాల్సిన అర్హత. కానీ ఇక్కడ కావలసింది చేతి పనితనం కాదు, పద్ధతి మీద గురి. పైగా క్యాట్ 2, క్యాట్ 3 అప్రోచ్‌ను నడిపేది సాధారణంగా కెప్టెనే. కోపైలట్ చూస్తారు, పిలుపులు చెప్తారు. జెట్‌లో కొత్తగా చేరిన మీకు ఢిల్లీ పొగమంచులో దక్కేది ఆ పాత్ర.

ఇంకో సంగతి. క్యాట్ 3 అర్హత మీ ఒక్కరిది కాదు. విమానానికి ఉండాలి, సంస్థకు ఉండాలి, రన్‌వేకు ఉండాలి, ఇద్దరు పైలట్లకూ ఉండాలి. మన దేశంలో ఢిల్లీ, జైపూర్, లక్నో, అమృత్‌సర్, కోల్‌కతా, బెంగళూరు లాంటి కొన్ని చోట్లే ఆ సదుపాయం ఉంది. డిసెంబర్ 10 నుంచి ఫిబ్రవరి 10 వరకు పొగమంచు కాలంగా లెక్కగట్టి, ఢిల్లీకి క్యాట్ 3 శిక్షణ ఉన్న పైలట్లనే వేయాలని డీజీసీఏ అంటుంది. అలా వేయనందుకు 2024 జనవరిలో రెండు సంస్థలకు 30 లక్షల రూపాయల చొప్పున జరిమానా పడింది. మీరు రేపు ఇంకో రకం విమానానికి మారితే ఈ అర్హత అక్కడికి రాదు, మళ్లీ మొదటి నుంచి తెచ్చుకోవాలి. క్యాట్ 1 అంచున లైట్ల ముక్కను చూసి తీసుకున్న నిర్ణయాల అనుభవం మాత్రం ఏ కాక్‌పిట్‌కైనా మీతో వస్తుంది.

## ఏటీఆర్

ఇండిగో, అలయన్స్ ఎయిర్, ఫ్లై91 దగ్గర ఉన్నది ఏటీఆర్ 72-600. డెబ్బై పైచిలుకు సీట్లు, రెండు ప్రొపెల్లర్లు, గంట అటూ ఇటూ సెక్టార్లు. ఉడాన్ పథకంలో మొదటి విమానాలు 2017 ఏప్రిల్ 27న మొదలయ్యాయి. ఆరోజే కడప, నాందేడ్ హైదరాబాద్‌తో కలిశాయి. అప్పటి నుంచి చిన్న విమానాశ్రయాల ప్రాణం ఈ రకం విమానాల మీదే ఉంది.

ఈ విమానంలో ఆటోల్యాండ్ లేదు. ఆటోథ్రాటిల్ కూడా లేదు. ఇంజిన్ శక్తిని మొదటి నుంచి చివరి వరకు పైలట్ చెయ్యే సర్దాలి. శక్తి మారినప్పుడల్లా ముక్కు పక్కకు తిరగకుండా కాళ్లతో రడ్డర్ చూసుకోవాలి. 72-600ను క్యాట్ 2 వరకు తీసుకెళ్లే వీలుంది గానీ, ఒక ఏటీఆర్ పైలట్ జీవితంలో ఎక్కువ భాగం క్యాట్ 1లోనో, అదీ లేని చోట్లలోనో గడుస్తుంది. చిన్న విమానాశ్రయాల్లో చాలా చోట్ల ఐఎల్‌ఎస్ (రన్‌వేకు దారి చూపే రేడియో వ్యవస్థ) ఉండదు. వీఓఆర్ అనే నేల మీది రేడియో కేంద్రాన్ని పట్టుకునో, శాటిలైట్ ఆధారంగా ఆర్‌ఎన్‌పీ అప్రోచ్‌తోనో రావాలి. కనీస ఎత్తు వందల అడుగులు పైన ఆగిపోతుంది. అక్కడ కిలోమీటరున్నర చూపు ఉన్నా, ఢిల్లీలో 200 మీటర్ల పొగమంచు కంటే ఎక్కువ టెన్షన్ పెట్టే రోజులుంటాయి.

వర్షాకాలం ఇంకో పరీక్ష. జెట్ దాటిపోయే ఎత్తుకు ఏటీఆర్ వెళ్లలేదు. మేఘాల మధ్య దారి వెతుక్కోవాలి, ఐసింగ్ (రెక్కల మీద మంచు పేరుకోవడం) చూసుకోవాలి. రోజుకు నాలుగు సెక్టార్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. సాయంత్రానికి ఒళ్లు పులిసిపోతుంది.

తక్కువ చూపులో టర్బోప్రాప్‌లు ఎప్పటికీ వెనకే ఉంటాయని కూడా అనుకోనక్కర్లేదు. అమెరికాలో హొరైజన్ ఎయిర్ తన క్యూ400లకు హెడ్‌అప్ డిస్‌ప్లే (కళ్ల ముందు అద్దం మీద సూచనలు చూపే పరికరం) పెట్టి చేత్తోనే క్యాట్ 3 దింపేది. మన దగ్గర 2022 ఏప్రిల్‌లో ఇండిగో ఏటీఆర్ ఒకటి రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో గగన్ ఉపగ్రహ వ్యవస్థ సాయంతో ఎల్‌పీవీ అప్రోచ్ చేసింది. నేల మీద ఐఎల్‌ఎస్ యాంటెనాలు లేకుండానే దాదాపు ఐఎల్‌ఎస్ అంత కిందికి తెచ్చే పద్ధతి అది. చిన్న ఊళ్లలో ఈ పద్ధతి పెరిగే కొద్దీ ఏటీఆర్ పైలట్ పని మారుతుంది.

లోటు ఎక్కడంటే తర్వాతి మెట్టు దగ్గర. ఏటీఆర్ కెప్టెన్ జెట్‌కు మారితే కొత్త టైప్ రేటింగ్, చాలాసార్లు మళ్లీ కుడి సీటు, కొంతకాలం తక్కువ జీతం. జెట్ గంటలు అడిగే విదేశీ సంస్థల దగ్గర టర్బోప్రాప్ గంటలకు అంత విలువ దక్కదు. ఒకే సంస్థలో రెండు రకాలూ ఉంటే మారడం తేలికవుతుంది. కానీ అది ఎప్పుడు, ఎవరి వంతు అన్నది ఆ సంస్థ అవసరం తేలుస్తుంది.

## నేరుగా జెట్

దారులు రెండు. సంస్థ నడిపే క్యాడెట్ ప్రోగ్రాంలో మొదటి నుంచి చేరడం ఒకటి. సీపీఎల్ తర్వాత సొంత ఖర్చుతో ఏ320 లేదా 737 టైప్ రేటింగ్ చేసుకుని ఖాళీల కోసం ఎదురుచూడడం ఇంకొకటి. మొదటిది ఖరీదైనా దారి కనిపిస్తుంది. రెండోదానిలో లక్షలు పోసి, రేటింగ్ కాగితం చేతిలో పెట్టుకుని, ఆ అర్హత చెల్లుబాటు పోకుండా కాపాడుకోవడానికి మళ్లీ సిమ్యులేటర్‌కు డబ్బు కట్టుకుంటూ ఎదురుచూసేవాళ్లు ఉన్నారు. ఉద్యోగం మాట లేకుండా సొంత డబ్బుతో టైప్ రేటింగ్ చేయడం నాకు నచ్చని దారి. అది చదువు కాదు, పందెం.

సీటు దొరికితే మాత్రం లాభాలు పెద్దవే. మన దేశంలో ఎక్కువ విమానాలు ఏ320 కుటుంబానివే కాబట్టి, ఒక సంస్థ మూతపడినా ఆ రేటింగ్‌కు ఇంకో గుమ్మం ఉంటుంది. జీతం ఎక్కువ. పెద్ద విమానాశ్రయాలు, రద్దీ, అంతర్జాతీయ మార్గాలు అలవాటవుతాయి. క్యాట్ 3 శిక్షణ రోజువారీ ఉద్యోగంలో భాగంగా వస్తుంది.

దానికి చెల్లించే ధర కంటికి కనపడదు. ఫ్లై బై వైర్ (పైలట్ ఆదేశాలు కంప్యూటర్ల ద్వారా వెళ్లే) విమానంలో ఆటోథ్రస్ట్, ఆటోపైలట్ ఎప్పుడూ తోడుంటాయి. చేత్తో నడిపే నిమిషాలు తక్కువ. రాత్రి పొడవాటి సెక్టార్లు వచ్చే రోస్టర్‌లో నెలకు మీ వాటాకు వచ్చే ల్యాండింగులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వర్షం, పక్కగాలి ఉన్న రోజున కొత్త కోపైలట్‌కు ల్యాండింగ్ ఇవ్వరు, కెప్టెనే తీసుకుంటారు. పొగమంచు రోజునా అంతే. ఏ320 ఆటోల్యాండ్‌కు పక్కగాలి పరిమితి 20 నాట్లు. పొగమంచు ఉన్నప్పుడు గాలి ఎలాగూ నెమ్మదిగానే ఉంటుంది కాబట్టి యంత్రానికి అది ఇబ్బంది కాదు. కానీ గాలీ వానా కలిసి వచ్చే రోజున దింపాల్సింది మనిషే. 2020 ఆగస్టు 7న కోజికోడ్‌లో వానలో దిగబోయిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 737 టచ్‌డౌన్ జోన్ దాటాక నేల తాకి రన్‌వే చివర లోయలోకి జారింది. 21 మంది పోయారు. స్థిరంగా లేని అప్రోచ్‌ను కొనసాగించడం, గో అరౌండ్ చేయకపోవడం దర్యాప్తులో తేలిన ప్రధాన కారణాలు. తక్కువ చూపు అనగానే ఢిల్లీ జనవరి గుర్తొస్తుంది గానీ, దక్షిణాదిన ఎగిరేవాళ్లకు జులై, ఆగస్టులే అసలు పరీక్ష.

## ఇన్‌స్ట్రక్టర్ సీటు

మన దగ్గర దీన్ని ఉద్యోగం దొరకనివాళ్ల దారిలా చూస్తారు. అది అన్యాయం. ఇన్‌స్ట్రక్టర్‌గా ఎగిరే గంటలు పీఐసీ గంటలు. ఏటీపీఎల్‌కు కావలసిన పీఐసీ వాటా చాలామంది ఎయిర్‌లైన్ కోపైలట్లకు కొరతగా ఉంటుంది, ఇన్‌స్ట్రక్టర్‌కు ఉండదు. పక్కవాడు తప్పు చేస్తుంటే ఎంతవరకు ఆగాలి, ఎప్పుడు కంట్రోల్స్ తీసుకోవాలి అన్నది రోజూ తేల్చాల్సిన పని. కెప్టెన్‌కు కావలసిందీ అదే.

పొగమంచు విద్య మాత్రం ఇక్కడ దొరకదు. వీఎఫ్‌ఆర్‌కు, అంటే బయటికి చూస్తూ ఎగరడానికి, 5 కిలోమీటర్ల చూపు కావాలి. ఉత్తరాది స్కూళ్లలో శీతాకాలం ఉదయాలు మంచు విడిచేదాకా కూర్చోవడంతోనే గడిచిపోతాయి. జీతం తక్కువ, రెండు ఇంజిన్ల గంటలు అరుదు, ఇద్దరు పైలట్లు కలిసి పనిచేసే కాక్‌పిట్ అలవాటు రాదు. ఏడాది, రెండేళ్లు సరే. అంతకంటే ఎక్కువ ఉంటే ఎయిర్‌లైన్ సిమ్యులేటర్ చెక్‌లో ఇన్‌స్ట్రుమెంట్ స్కాన్ (మీటర్లన్నిటినీ వరసగా చూసుకునే అలవాటు) మొద్దుబారిన సంగతి బయటపడుతుంది.

## మిగిలినవి, క్లుప్తంగా

ఎంబ్రేయర్ జెట్లు నడిపే స్టార్ ఎయిర్ లాంటి సంస్థలు మధ్యేమార్గం. జెట్ గంటలు, చిన్న ఊళ్లు, చిన్న సెక్టార్లు ఒకే చోట దొరుకుతాయి. సీట్లే తక్కువ, ఆ రకం విమానం దేశంలో ఇంకెక్కడా పెద్దగా లేదు. సెస్నా క్యారవాన్ లాంటి ఒంటి ఇంజిన్ టర్బోప్రాప్‌ల మీద ఉద్యోగం దొరికితే కమాండ్ త్వరగా రావచ్చు. కానీ ఆ సంస్థ ఎంత గట్టిగా ఉందో చూసుకోవాలి.

## పక్కపక్కన పెడితే

| చూడాల్సింది | ఏటీఆర్ | ఏ320 / 737 | ఇన్‌స్ట్రక్టర్ |
|---|---|---|---|
| ల్యాండింగులు | బాగా ఎక్కువ | తక్కువ నుంచి మధ్యస్థం | చాలా ఎక్కువ, చిన్న విమానంలో |
| కమాండ్ | సాధారణంగా త్వరగా | సీనియారిటీని బట్టి, ఆలస్యం | మొదటి రోజు నుంచే పీఐసీ |
| తక్కువ చూపులో మీ పని | చేత్తో దింపడం, నిర్ణయం | ఆటోల్యాండ్‌ను కనిపెట్టి చూడడం | ఎగరకుండా ఆగడం |
| వెంట వచ్చేది | చేతి పని, కమాండ్ గంటలు | జెట్ గంటలు, రేటింగ్ | పీఐసీ గంటలు |
| డబ్బు | మధ్యస్థం | ఎక్కువ, ముందు ఖర్చూ ఎక్కువ | తక్కువ |
| తర్వాత మారడం | కొత్త రేటింగ్, మళ్లీ కుడి సీటు | సులువు | రేటింగ్, పరీక్షలు ఇంకా మిగిలే ఉంటాయి |

## మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

20, 21 ఏళ్లవాళ్లు, ఇంటి మీద అప్పు భారం పెద్దగా లేనివాళ్లు. ఏటీఆర్ వస్తే కళ్లు మూసుకుని తీసుకోండి. 65 ఏళ్ల వరకు ఎగరొచ్చు, నాలుగైదేళ్లు టర్బోప్రాప్‌లో గడిస్తే పోయేదేమీ లేదు. పాతికేళ్లకే కెప్టెన్‌గా సంతకం పెట్టే అవకాశం జెట్‌లో అరుదు.

లోన్ వడ్డీ నెలనెలా నడుస్తున్నవాళ్లు. ముందు దొరికిన ఎయిర్‌లైన్ సీటే సరైన సీటు, అది ఏ విమానమైనా. వీళ్లు చేయకూడని పని ఒకటే: మొదటి అప్పు తీరకముందే, ఉద్యోగం ఖాయం కాకుండానే జెట్ రేటింగ్ కోసం రెండో అప్పు చేయడం.

ఇప్పటికే ఏ320 రేటింగ్ చేసుకుని ఎదురుచూస్తున్నవాళ్లు. కష్టమైన పరిస్థితి ఇది. పెట్టిన డబ్బు వృథా అవుతుందని ఏటీఆర్ ఆఫర్ వదులుకోవాలనిపిస్తుంది. నేనైతే వదులుకోను. పెట్టిన ఖర్చు ఎలాగూ వెనక్కి రాదు. ఖాళీగా గడిచే ప్రతి నెలా ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ గడువునూ, చేతి పదునునూ తినేస్తుంది. ఆరు నెలల్లో జెట్ సంస్థ నుంచి రాతపూర్వకంగా తేదీ వచ్చే అవకాశం ఉంటే మాత్రం ఆగండి.

ముప్పై దాటాక ఈ రంగంలోకి వచ్చినవాళ్లు. ఐటీ ఉద్యోగం వదిలి వచ్చేవాళ్లు ఈ మధ్య చాలామంది ఉన్నారు. వీళ్లకు లెక్క వేరు. జెట్ కమాండ్ వరకు పట్టే ఏళ్లు, ఆ తర్వాత మిగిలే ఏళ్లు కూడి చూసుకోవాలి. నేరుగా జెట్ దొరికితే అదే మేలు. దొరకకపోతే ఏటీఆర్‌లోనే కెప్టెన్‌గా స్థిరపడడం కూడా మంచి జీవితమే. గంట సెక్టార్ల రోస్టర్‌లో రాత్రికి ఇల్లు చేరే రోజులు ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. జెట్‌కు మారితేనే ఎదిగినట్టు అన్న ఒత్తిడి చుట్టూ ఉన్నవాళ్లు పెట్టేది, లాగ్‌బుక్ పెట్టేది కాదు.

గల్ఫ్ సంస్థల మీద కన్నున్నవాళ్లు. వాళ్లు చూసేది జెట్ గంటలు. ఏటీఆర్‌లో చేరినా కమాండ్ వచ్చేదాకా ఉండిపోకుండా, ముందే జెట్‌కు మారే వీలు సంస్థలో ఉందో లేదో చూసుకోండి. ఇక్కడ త్వరగా వచ్చే కమాండ్ మీ దారికి అడ్డు కూడా కావచ్చు, ఎందుకంటే కెప్టెన్ అయ్యాక నోటీసు ఏడాది.

## సంతకం పెట్టేముందు అడగాల్సినవి

బాండ్ మొత్తం ఎంత, ప్రతి ఏడాదీ తగ్గుతుందా లేక చివరి రోజు వరకు పూర్తిగా ఉంటుందా? శిక్షణలో ఫెయిల్ అయితే ఆ ఖర్చు ఎవరిది? లైన్ రిలీజ్‌కు (శిక్షణ ముగిసి పూర్తి స్థాయి కోపైలట్ కావడానికి) ప్రస్తుతం ఎన్నాళ్లు పడుతోంది? చేరాక సూపర్‌వైజ్డ్ లైన్ ఫ్లయింగ్ (శిక్షకుడి పర్యవేక్షణలో మామూలు సర్వీసులు నడపడం) కోసం నెలల తరబడి ఇంట్లో కూర్చున్నవాళ్లు ఉన్నారు, ఆ కాలంలో ఇచ్చేది పూర్తి జీతమా స్టైపెండా అన్నది కాగితం మీద ఉండాలి. గత రెండేళ్లలో ఆ సంస్థలో కొత్తగా కెప్టెన్లయినవాళ్లు ఎన్ని గంటలకు అయ్యారు? ఈ ప్రశ్న హెచ్‌ఆర్‌ను కాదు, అక్కడ పనిచేసే కోపైలట్లను అడగండి.

తక్కువ చూపు గురించి కూడా రెండు అడగండి. సంస్థకు ఏ కేటగిరీ వరకు అనుమతి ఉంది, కోపైలట్‌కు ఆ శిక్షణ చేరిన ఎన్నాళ్లకు ఇస్తారు? రెండోది ఇంకా ముఖ్యం: గో అరౌండ్ చేసినా, డైవర్ట్ చేసినా పైలట్‌ను తర్వాత ఆఫీసుకు పిలిచి సంజాయిషీ అడుగుతారా? దీనికి కోపైలట్లు కాసేపు ఆలోచించి, మాట మార్చి జవాబిస్తే, జీతం ఎంతైనా ఆ సంస్థను జాబితాలో కిందికి దించండి.